అటక మీది డిన్నర్ సెట్టు

మా ఇంటికి డైనింగ్ టేబుల్ వచ్చి పదకొండేళ్లయింది. దాని మీద అన్నం తిన్న సందర్భాలు ఒక చేతి వేళ్లు దాటవు. మిగతా పనులన్నీ దానికి అప్పగించాం. ఇస్త్రీ దాని మీదే. నేను బడిలో తెలుగు చెబుతాను కాబట్టి పిల్లల జవాబు పత్రాలు దాని మీదే. వేసవిలో మామిడి ముక్కలు ఆరేదీ దాని మీదే. తిండికి మాత్రం అందరం నేల మీదికి దిగుతాం. కోయిలకుంట్ల బజారులో శనగల వ్యాపారం చేసే ఇల్లు మాది. నేలంటే మాకు భయం లేదు. కుర్చీలో కూర్చుంటేనే కాళ్లు వేలాడి తిమ్మిరెక్కుతాయి.

అలాంటి టేబుల్‌ను ఒక్క ఆదివారం టేబుల్‌లాగా చూడాలనుకున్నాను. దానికి కారణం ఒక ఫోను.

ఫోను చేసింది నాతో పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితురాలు. ఇప్పుడు ఎర్రగుంట్లలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో రాళ్లు పరీక్షించే ఉద్యోగం. వాళ్లమ్మ మా అంగడి వెనక పెరట్లో ఇరవై ఏళ్లు శనగలు చెరిగింది. తల్లి చేటలో ఏరిన రాళ్లనే కూతురు ల్యాబులో పరీక్షిస్తోందని నేనొకసారి అన్నాను. అప్పుడు నవ్వింది.

"ఆదివారం వస్తాండాం మే. అమ్మ గూడా వస్తాది. ఆమెకొక ఆశ ఉండాది, నవ్వద్దు," అంది.

"చెప్పు మే."

"మీ ఇంట్ల లోపల కూచోని, మీ తట్టల్లో అన్నం తినాలంట. ఒక్కసారి. ఇరవై ఏండ్లు ఆ తట్టలు తోమింది గదా, దాంట్ల అన్నం యా రుచి ఉంటాదో సూడాలంటాది."

తను నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వొద్దన్నది నన్నే అని తర్వాత గుర్తొచ్చింది.

ఆ తట్టల, అంటే మా స్టీలు కంచాల, సంగతి కొంచెం చెప్పాలి. మా ఇంట్లో పెళ్లి అయినా, పండగ అయినా అంట్లన్నీ పెరట్లో ఆమే బూడిదతో తోమేది. తోమి బోర్లించిన తట్టల మీద మా అమ్మ మళ్లీ నీళ్లు చల్లుకొని లోపలికి తెచ్చుకొనేది. మధ్యాహ్నం ఆమెకూ, బడి నుంచి నేరుగా మా పెరట్లోకి వచ్చే కూతురికీ అన్నం విస్తరాకులో. అహోబిలం వైపు నుంచి కట్టలుగా వచ్చే మోదుగ విస్తర్లు. తిన్నాక ఆకు మడిచి, కొళాయి దాటి వెనక గుంతలో వేసి, తిన్నచోట నీళ్లు చల్లి తుడిచిపెట్టాలి. అలా చేయమని ఎవరూ కసిరేవారు కాదు. అసలు చెప్పేవారే కాదు. చెప్పకుండానే అందరికీ తెలిసిన పనుల్లో అదొకటి.

నేను గడపకు ఇవతల, మా నాన్న పేరు చుక్కలు చుక్కలుగా చెక్కిన స్టీలు తట్టలో తినేదాన్ని. తిన్నాక గడప మీద చెరోవైపు కూర్చొని ఇద్దరం కలిసి లెక్కలు చేసేవాళ్లం. అంటే తను చేసేది, నేను చూసి రాసుకొనేదాన్ని. లెక్కల్లో తన ఎంగిలి నాకు బాగా పనికొచ్చింది.

ఇక ఆదివారం ఏర్పాట్లు. నాకు తెలిసిన అలంకారాలన్నీ పాఠ్యపుస్తకంలోవి. ఉపమ, రూపకం, అతిశయోక్తి. బల్లకు చేసే అలంకారం ఏ తరగతిలోనూ లేదు. అందుకని ఫోనులో వీడియోలు చూశాను. పూలు ఎత్తుగా పెట్టకూడదట, ఎదుటివాళ్ల ముఖం కనపడాలట. బల్ల నడుమ పొడవుగా ఒక గుడ్డ పరచాలట. నా పెళ్లినాటి పట్టుచీర ఒకటి ఎలకల నోట్లో పడి అంచు మాత్రమే మిగిలి ఉంటే, ఆ అంచు పరిచాను. గాజు గిన్నెలో నీళ్లు పోసి కనకాంబరాలు వదిలాను. చేతిగుడ్డలను హంసల్లా మడవడం నేర్చుకోవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. మొదటివి కోళ్లలా వచ్చాయి. తర్వాతివి బాతుల దాకా ఎదిగాయి.

ఇల్లరికం వచ్చి మా అంగడి చూసుకుంటున్న మా ఆయన ఇంటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకొని చూశాడు. "ఏమే, ఇది భోజనమా, బొమ్మల కొలువా?" అన్నాడు.

"రెండూ. నువ్వు శెట్టి బొమ్మవి. కదలకుండా కూచో," అన్నాను. అప్పటికి ఇంకా సంతోషంగానే ఉన్నాను.

శనివారం అటక ఎక్కి డిన్నర్ సెట్టు దించాను. పాత జాగాలోనే ఇల్లు తిరిగి కట్టినప్పుడు గృహప్రవేశానికి ఎవరో ఇచ్చింది. తెల్ల పింగాణీ మీద నీలం పూలు, ఆరు పళ్లేలు. పదకొండేళ్లుగా పెట్టెలోంచి బయటికి రాలేదు. స్టీలు తట్టల మీద ఆమె మనసున్న సంగతి నాకు తెలుసు, అయినా మొదటిసారి అతిథిగా వస్తున్నప్పుడు ఇంట్లో అన్నిటికన్నా మంచిది పెట్టాలనుకున్నాను. తుడుస్తూ ఉంటే మా అమ్మ వచ్చి పక్కన పీట వేసుకొని కూర్చుంది.

"ఇవి ఎవురికి?"

"రేపొచ్చేవాళ్లకు."

అమ్మ ఒక పళ్లెం ఎత్తి, వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ పెట్టెలో పెట్టింది. "పింగాణీ వద్దమ్మా. పింగాణీకి పట్టింది పోదు. మళ్లా మనకు పనికిరావు."

"అయితే మన స్టీలు తట్టల్లోనే పెడతా. ఆమె అడిగిందీ అవే."

"స్టీలైతే నిప్పుల మీద సూపించొచ్చు. కాని ఆ తట్టల్లో మీ నాయన తిన్యాడు. నేను తినాల."

"అమ్మా, కాలం యాడికి పోయిందో సూడు."

"కాలం యాడికన్నా పోనీ. తట్ట మనింట్లనే ఉంటాది గదా."

క్లాసులో నలభై మందికి వ్యాకరణం చెప్పే నోరు ఇంట్లో ఒక్కరి ముందు మూతపడుతుంది. అయినా ఒక ప్రయత్నం చేశాను. "ఆమె మీద నీకేం కోపం?"

"నాకేం కోపం? దాని పురుటికి నెయ్యి పంపిందే నేను. నువ్వు నడక నేర్సే దాకా నిన్ను సంకనేసుకోని తిప్పింది అదే."

"మరి అప్పుడు నాకేమీ అంటలేదా?"

"సాయంత్రం నీకు నీళ్లు పోసేదాన్ని గదా," అంది అమ్మ, ఇంత చిన్న విషయం ఎందుకు అడుగుతున్నానో అర్థం కానట్టుగా.

పోయేముందు పీట ఎత్తి గోడకు ఆనించి, "ఆ తట్టల్లో పెడితే నేనీ ఇంట్ల నీళ్లు గూడా ముట్టను. మీ ఇష్టం," అంది. అమ్మకు షుగరు. ఒక పూట తినకపోతే కళ్లు తిరుగుతాయి. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అంతకంటే పెద్ద ఆయుధం మా ఇంట్లో లేదు.

ఉపాయం నాదే. ఆ నేరం మా ఆయన మీదికీ అమ్మ మీదికీ తోయడానికి చాలాసార్లు ప్రయత్నించి ఓడిపోయాను. ఈమధ్య పెద్ద పెళ్లిళ్లలో పోకచెట్టు పట్టతో చేసిన ప్లేట్లు పెడుతున్నారు. నలుచదరంగా, గోధుమ రంగు గీతలతో చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. వీడియోల్లో కూడా చూశాను. మా ఆయనను నంద్యాల పంపించి ఒక ప్యాకెట్ తెప్పించాను. మాకూ అవే, వాళ్లకూ అవే. ఎవరికీ తేడా లేదు, ఏదీ కడిగే పని లేదు, అమ్మ ఒట్టు పెట్టుకొనే పని లేదు. ఇన్నేళ్లు దొరకని సమానత్వం ఇరవై ఐదు ప్లేట్ల ప్యాకెట్‌లో దొరికింది.

తెలియక చేశానని రాయాలని ఉంది. అలా రాస్తే నా మీద నాకే జాలి కలిగేటట్టు వాక్యాలు వస్తాయి కూడా. కానీ ప్యాకెట్ విప్పి మొదటి ప్లేటు చేతిలోకి తీసుకున్నప్పుడే దాని వాసన తెలిసింది. ఎండిన ఆకు వాసన. దాని పక్కన హంసను నిలబెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి చూసి, చాలా బాగుందనుకున్నాను.

ఆదివారం పన్నెండున్నరకు కారు వచ్చింది. స్నేహితురాలే నడుపుకొచ్చింది. వాళ్లమ్మ కొత్త నేత చీరలో దిగింది. చెప్పులు వీధి గేటు బయటే విడిచింది. ఎండకు బండలు కాలుతున్నాయి.

"లోపలి దాకా ఏసుకొని రా అవ్వా, కాళ్లు కాల్తాయి," అన్నాను. అవ్వా అనడానికి నాలుక కొంచెం తడబడింది. చిన్నప్పుడు మేం ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్లం, ఆమె నన్ను పాపా అనేది.

"ఈ బండలకు నా కాళ్లు అలవాటే పాపా," అంటూ ఆమె మా ఇంటి పక్క సందులోకి తిరిగింది. పెరట్లోకి పోయే సందు. కూతురు చెయ్యి పట్టుకొని ఆపింది. "ఇటు, అమ్మా. ఈ పొద్దు ఇటు," అని తలవాకిలి వైపు తిప్పింది.

ఆమె చంకలో ఒక సంచీ. అమ్మ ఎదురొస్తే దాన్ని అందించింది. "శనగలు శావుకారమ్మా. నేనే చెరిగినా. ఒక్క రాయి తగిల్తే నా పల్లు ఊడగొట్టు."

"నీకు పల్లు యాడుండాయే ఊడగొట్టడానికి!" అంటూ అమ్మ రెండు చేతులతో సంచీ అందుకుంది. గింజకు ఏమీ అంటదు. "ఏమే, ఇంత సన్నబడినావు?"

"నువ్వు లావైనావులే. ఇద్దరికీ కలిపి లెక్క సరిపాయ."

ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. ఆ నవ్వులో అబద్ధం లేదు. అందుకే నాకు ఆ రోజు ఇంకా గుచ్చుకుంటుంది.

టేబుల్ దగ్గర ఆమెను అందరికన్నా పెద్ద కుర్చీలో కూర్చోబెట్టాను. కుర్చీ అంచు మీద కూర్చుంది, లేవమంటే లేవడానికి సిద్ధంగా. కనకాంబరాలను వేలితో తాకి, నీళ్లలో అవి తిరగడం చూసింది. తర్వాత హంసను చూసింది.

"ఇదేంది పాపా, కొంగనా?"

"హంస అవ్వా. చెయ్యి తుడుచుకోను."

"అయ్యో, ఇంత కష్టపడి మడిసింటివి, ఇప్పితే ఎట్ల? నాకు కొంగుండాదిలే. కొంగెందుకు!"

అందరం నవ్వాం. నా వృత్తికి పనికొచ్చే మాట ఆమె నోట్లోంచి వచ్చింది, నాకు రాలేదు. ఆ నవ్వు ఇంకా ఆగకముందే ఆమె చెయ్యి ప్లేటు మీదికి వెళ్లింది. అంచును బొటనవేలితో నొక్కింది. పక్కకు తిప్పింది.

"ఆకా," అంది.

"ఇప్పుడు అందరూ ఇవే వాడతాండారవ్వా. పెద్ద పెద్ద హోటళ్లల్లో గూడా," అన్నాను.

"బాగుండాది. గట్టిగుండాది. చినిగిపోదు," అందామె. ఆమె చూపు మాత్రం నన్ను దాటి వంటింటి వైపు వెళ్లింది. అక్కడ గోడకు కొట్టిన స్టాండులో స్టీలు తట్టలు వరసగా నిలబడి ఉన్నాయి, కిటికీ వెలుగుకు మెరుస్తూ. వాటిని తీసి దాచాలన్న తెలివి కూడా నాకు లేకపోయింది.

"అవి ఇంగా ఉండాయా!" అంది, చుట్టాలను చూసినట్టు. "అదో, ఆ అంచు సొట్టబోయింది సూడు, అది నేను కింద పడేసిందే. యా పెండ్లికో."

స్నేహితురాలు కూడా ఆ తట్టల వైపు తిరిగి చూసింది. చాలా మామూలుగా అంది. "ఒక తట్ట తీసుకరా మే అమ్మకు. ఆకులో చారు నిలవదు."

నాకు ఇంకో అవకాశం ఇచ్చింది. ఇచ్చినట్టు తెలియకుండా ఇచ్చింది. చిన్నప్పుడు లెక్క తప్పు చేస్తే ఇలాగే, పంతులుకు వినపడకుండా నా మోచేతిని తట్టేది.

లేచాను. టేబుల్‌కీ ఆ స్టాండుకీ ఎనిమిది అడుగులు. వంటింటి గడపలో అమ్మ నిలబడి ఉంది. అడ్డంగా కాదు, కొంచెం పక్కకే. చేతిలో భక్ష్యాల గిన్నె. నా ముఖంలోకి చూడలేదు, గిన్నెలోకి చూస్తూ "దొన్నెలుండాయి," అంది.

ప్యాకెట్‌తో పాటు వచ్చిన దొన్నెలు. అదే రంగు, అవే గీతలు. నేను దొన్నె తెచ్చాను.

స్నేహితురాలు దాన్ని చూసి, నన్ను చూసి, "మ్యాచింగ్ గూడా కుదిరింది," అంది.

ఆ తర్వాత భోజనం బాగా జరిగింది. అదే చెడ్డ సంగతి. చిత్రాన్నం బాగుందన్నారు. గుత్తి వంకాయ రెండోసారి వేయించుకున్నారు. మా ఆయన శనగల పంట గురించి మాట్లాడాడు. అవ్వ భక్ష్యం మీద నెయ్యి చాలన్నా అమ్మ వేస్తూనే ఉంది, చెంచా పైనుంచి, ఎక్కడా తగలకుండా.

"నువ్వు గూడా కూచో శావుకారమ్మా," అందామె.

"నాకీ పొద్దు ఒక్కపొద్దు."

"ఆదివారం ఒక్కపొద్దు యాడిదమ్మా? నీది శనివారం గదా."

ఇరవై ఏళ్లు మా పెరట్లో ఉన్న మనిషికి మా ఇంటి దేవుళ్ల లెక్క మాకంటే బాగా తెలుసు. అమ్మ వినపడనట్టు లోపలికి వెళ్లింది. అవ్వ తల వంచుకొని చారు దొన్నె ఎత్తి తాగింది.

తినడం అయ్యాక ఆమె రెండు చేతులతో ప్లేటును తన వైపుకు మడవబోయింది. మోదుగాకైతే మడత పడుతుంది. ఇది పడలేదు, టప్‌మని విరిగింది. ఉలిక్కిపడి, "అయ్యో, ఇరిగిపాయ," అంది, ఏదో ఖరీదైంది పగలగొట్టినట్టు. ముక్కలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టుకొని లేచింది.

"పెట్టు అవ్వా, నేను తీస్తా," అని వెంట పడ్డాను.

"ఉండనీ. నాకు దారి తెల్సు పాపా."

పెరటి తలుపు తీసుకొని, కొళాయి దాటి, వెనక గుంత దగ్గరికి పోయి వేసి వచ్చింది. కొళాయి కింద చెయ్యి కడుక్కుంది. మళ్లీ లోపలికి వచ్చి, తడి చేత్తో టేబుల్ మీద తను తిన్నచోట, పట్టు అంచు మీద రాలిన మెతుకులను ఏరింది. తర్వాత ఆ చోటును తన కొంగుతో తుడిచింది. ఒకసారి కాదు, మూడుసార్లు. పక్కన హంస అలాగే నిలబడి ఉంది.

స్నేహితురాలు లేచింది. తన ప్లేటు ముట్టుకోలేదు. సగం తిన్న ప్లేటు అక్కడే వదిలి, "రామ్మా, పోదాం," అంది. కారెక్కేముందు నా భుజం మీద చెయ్యి వేసింది. "శానా బాగా సర్దినావు మే. ఏదీ తక్కువ చేయలే."

వాళ్లు వెళ్లాక అమ్మ తన స్టీలు తట్టలో అన్నం పెట్టుకొని, సంచీలో శనగలు నాలుగు నోట్లో వేసుకొని నమిలింది. "పాపం, దాని చెయ్యి శానా మంచిది. ఒక్క రాయి లేదు," అంది.

ఆ తర్వాత రెండు నెలలు నేను ఫోను చేసినప్పుడల్లా "డ్యూటీలో ఉండా మే" అనే జవాబు వచ్చింది. రాళ్లకు అంత డ్యూటీ ఉండదని నాకూ తెలుసు. చివరికి శనగల సంచీ ఉతికి మడిచి, అది తిరిగిచ్చే నెపం మీద ఎర్రగుంట్ల బస్సెక్కాను. పోయేముందు అమ్మ నీళ్ల సీసా నింపి చేతికిచ్చింది. "యాడబడితే ఆడ తాగద్దు," అంది.

క్వార్టర్స్‌లో రెండు గదుల ఇల్లు. టేబుల్ లేదు. అవ్వ నన్ను చూసి కంగారుగా చాప పరిచింది. స్నేహితురాలు గోడకు ఆనుకొని నిలబడింది, కూర్చోమనలేదు, వద్దనలేదు. సంచీ ఇచ్చి, నేను సిద్ధం చేసుకున్న వాక్యాలు చెప్పబోయాను. బస్సులో బాగానే వచ్చాయి.

అవ్వ మధ్యలోనే అడ్డొచ్చింది. "అన్నం యాళైంది పాపా. తింటావా? నీసు వండలే ఈ పొద్దు." తర్వాత గొంతు తగ్గించి, "తట్టలో పెట్టనా, ఆకు తెప్పియ్యనా? పక్కింట్ల అరిటి చెట్టుండాది," అంది.

ఎత్తిపొడుపేమోనని ముఖంలోకి చూశాను. కాదు. నిజంగానే అడిగింది. నాకు ఏది ఇబ్బంది లేకుండా ఉంటుందో తెలుసుకోవడానికి అడిగింది.

"తట్టలోనే అవ్వా," అన్నాను.

జొన్నరొట్టె, ఊరుబిండి పచ్చడి, పలచని మజ్జిగ. స్టీలు తట్ట నా ముందు మళ్లీ ఒకసారి కడిగి పెట్టింది. తిన్నాక తట్ట పట్టుకొని లేవబోతే స్నేహితురాలు చెయ్యి అడ్డం పెట్టింది.

"పెట్టు మే. మా ఇంట్ల తట్టలు మేమే కడుక్కుంటాం." కొంచెం ఆగి, "ఈడ తిన్యావని మీ అమ్మకు చెప్తావా?" అంది.

"చెప్తా."

"సూద్దాం," అంది. అందులో కోపం లేదు. ల్యాబులో రాయి వేసి, ఏమొస్తుందో చూసే మనిషి గొంతు.

కోయిలకుంట్లలో బస్సు దిగేసరికి సాయంత్రం. మా వీధి మలుపులో ఆగాను. నా చేతిసంచీలో అమ్మ ఇచ్చిన సీసా బరువుగా ఉంది. ఒక్క గుక్క కూడా తాగలేదు. వాళ్ల ఇంటి నీళ్లే తాగాను, రెండు గ్లాసులు. మూత తీసి, మలుపులో ఉన్న వేప మొక్క మొదట్లో సీసా మొత్తం వంపేశాను. ఎండిన నేల చప్పుడు చేస్తూ పీల్చుకుంది. మలుపు తిరిగేలోపు తడి కూడా కనపడలేదు.

అమ్మ వాకిట్లోనే ఉంది. "ఏమన్నా తిన్యావా ఆడ?"

"లేదు."

"నీళ్లు?"

"సీసాలోవే."

అమ్మ సీసా తీసుకొని ఊపి చూసింది. ఖాళీ. "మంచిపని చేసినావు. ఎంత ఆకలైంటుందో," అని స్టాండులోంచి నా తట్ట తీసి, అన్నం పెట్టింది. కడుపులో జాగా లేదు. మెతుకు మిగలకుండా తిన్నాను.